మూడో పంపు దగ్గర టవర్ లేదు

జూలై 8, మంగళవారం

ఈరోజు బేబి ఉద్యోగం పోయింది.

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి. ట్రెజరీలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. మా తాతగారు జయపురం సంస్థానం కచేరీలో గుమాస్తా. ఆయన రాసిన దాంట్లో కొట్టివేత ఉండేది కాదట. ఇప్పుడు ఈ ఒరియా ఊళ్ళో పెట్రోలు బంకు కాబిన్‌లో లెక్కలు చూస్తూ కూర్చున్నంత మాత్రాన అలవాటు పోతుందా?

శనివారం ఉదయం పదకొండున్నర దాటాక తెరుబలి ఫ్యాక్టరీ వైపు పోయే లారీ ఒకటి మూడో పంపు దగ్గర ఆగింది. డ్రైవరు పార్వతీపురం మనిషి. ఆ పంపు దగ్గర పనిచేసే బేబి డీజిల్ కొట్టింది. పద్దెనిమిది వేల నాలుగు వందలైంది. కార్డు ఇచ్చాడు. స్వైప్ మిషను కాసేపు తిరిగి ఆగిపోయింది. డబ్బు మనకు పడలేదు. పడిందనుకుని బేబి లారీని పంపేసింది. నిన్న లెక్క సరిచూస్తే తేలింది. నంబరు ప్లేటు నిండా బురద, కెమెరాలో ఒక్క అంకె కనబడదు.

యజమాని ధనుంజయ్ బాబు ఆ కెమెరా బొమ్మ నాలుగుసార్లు తిప్పి తిప్పి చూశాడు. బేబి మిషను పట్టుకుని కాబిన్ వైపు తిరిగి ఏదో అంటుంది. తర్వాత డ్రైవరుకి చెయ్యి ఊపుతుంది. డ్రైవరు నవ్వుతాడు.

"మీ తెలుగువాళ్ళే కదా ఇద్దరూ, మాట్లాడుకునే చేశారు" అన్నాడు. "రమణ బాబు, మిమ్మల్ని ఏమడిగింది?"

"టవర్ ఉందా అని రోజుకి వందసార్లు అడుగుతారండి" అన్నాను. అది నిజమే. సిగ్నల్‌ని ఇక్కడ టవర్ అనే అంటారు.

బేబి నావైపు చూసింది. టోపీ తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

జూలై 9

పొరపాటు ఎక్కడ జరిగిందంటే మూడో పంపు దగ్గర టవర్ లేదు. అంతే.

జూలై 10, గురువారం

మిషను దోషం రుజువు చెయ్యాలి. చేస్తాను. చేసి ధనుంజయ్ బాబు బల్ల మీద పెడితే ఆ పిల్లని తిరిగి పిలవక ఏం చేస్తాడు?

బేబికి ఇరవై ఆరేళ్ళు. తల్లి గున్నమ్మ మునిసిపాలిటీలో ఊడుస్తుంది. తండ్రి లేడు. ఆ ఇంట్లో యూనిఫారం వేసుకుని పనికి వెళ్ళిన మొదటి మనిషి ఈ పిల్ల. ఒరియాలో ఏడో తరగతి వరకు చదివింది. ఇంగ్లీషు రాదు గాని పని చాలా శుభ్రం.

సుద్దముక్క కొన్నాను. ఈ ఉదయం మిషను పట్టుకుని బంకంతా తిరిగి, ఆగినచోటల్లా నేల మీద గుర్తు పెట్టి, తెర మీద సిగ్నల్ గీతలు ఎన్ని ఉన్నాయో రాసుకున్నాను. ఒకటో పంపు దగ్గర నాలుగు. రెండో పంపు దగ్గర మూడు. మూడో పంపు దగ్గర రెండు, మబ్బుగా ఉంటే ఒకటి. గాలి కొట్టే చోట నాలుగు. ఆడవాళ్ళ మరుగుదొడ్డి గోడ దగ్గర కూడా నాలుగే, అక్కడ ఎవరికి ఉపయోగం?

మూడో పంపు దగ్గర కంటెయినర్ లారీ నిలబడితే మాత్రం అన్ని గీతలూ మాయం. టవర్ కొండకు అవతల ఉంది. మధ్యలో అంత ఇనుము అడ్డం పడితే ఏం వస్తుంది!

లక్ష్మణ ఒకటో పంపు దగ్గర నవ్వుతూ నిలబడ్డాడు. పదిహేనేళ్ళుగా ఈ బంకులో ఉన్నవాడు.

"బాబూ, బిడ్డకి పాలిచ్చి తేనుపు కోసం తిప్పినట్టు తిప్పుతున్నారేటి దాన్ని?"

"నీ పని నువ్వు చూసుకో" అన్నాను.

జూలై 12

మూడో పంపు దగ్గర గీతలు: ఉదయం ఏడుకి 2, పదికి 2, పదకొండున్నరకి 1, మధ్యాహ్నం రెండుకి 0 (వాన).

పదకొండున్నరకి 1. ఇది ముఖ్యం. ఎర్ర సిరాతో గీత గీశాను.

జూలై 14, సోమవారం

మా ఆవిడ కమలాంబకు పట్టిక చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివింది. ట్రెజరీలో నా పై అధికారులు కూడా నా కాగితాలు ఇంత శ్రద్ధగా చదవలేదు.

"అంతా బాగానే ఉందండీ. లారీ వెళ్ళిపోయే ముందు ఆ పిల్ల మీకేసి తిరిగి అడిగిందన్నారు. మీరేం చెప్పేరు?"

"తెర మీద ఉన్నదే చెప్పేను."

"అదే, ఏం చెప్పేరు?"

చిరాకు వచ్చింది. బంకు సంగతులు ఇంట్లో చెప్పడం నా తప్పు. చారులో ఉప్పు ఎక్కువైందన్నాను. నిజానికి సరిగ్గానే ఉంది.

జూలై 16

కొత్త బస్టాండు దగ్గరి బంకు నుంచి ఫోను. బేబి ఎలాంటి మనిషని అడిగారు. యజమానిని అడగమన్నాను.

జూలై 17

వాన. గీతలు 0, 1, 0, 0.

మిషన్ల కంపెనీ వాళ్ళకు ఆరోసారి ఫోను చేశాను. కొరాపుట్ నుంచి టెక్నీషియన్ వస్తాడట, వచ్చే శుక్రవారం. రాకపోతే నేనే బస్సెక్కి కొరాపుట్ వెళ్ళి చేయి పట్టుకుని తీసుకొస్తానని చెప్పాను. ఆ అమ్మాయి ఫోనులో నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు.

జూలై 19, శనివారం

ఒక విషయం రాయాలి. పద్ధతి ప్రకారం రాయాలి కనుక రాస్తున్నాను.

ఈ వానల్లో రసీదు చీటీ కాగితం చెమ్మ పట్టి అక్షరం పడటం లేదు. మిషను నుంచి చీటీ తెల్లగా వస్తోంది. అలాంటి రోజుల్లో పంపు దగ్గరివాళ్ళు మిషన్ని కాబిన్ కిటికీకి ఎత్తి చూపిస్తారు. కాబిన్‌లో ఉన్నవాళ్ళు తెర చదివి చెప్పాలి. అది బంకు పద్ధతి. కాబిన్‌లో ఉన్నది నేను.

ఆ రోజు తెర మీద కనెక్షన్ లాస్ట్ అని ఉంది. నేను "కట్ అయింది" అన్నాను.

అందులో తప్పేముంది? లైను కట్ అయింది. కరెంటు పోతే కట్ అయింది అంటాం. ఫోను మధ్యలో ఆగితే కట్ అయింది అంటాం.

కాకపోతే ఈ బంకులో డబ్బు పడ్డా ఆ మాటే అంటారు. కార్డులోంచి డబ్బు కట్ అయింది అని. ఒరియా వాళ్ళదీ ఇదే వరస, లైను పోయినా "కటిగలా", పైసలు పోయినా "కటిగలా". అది భాషలో ఉన్న లోపం. నాకేం సంబంధం?

పైగా మూడో పంపు దగ్గర టవర్ లేకపోబట్టే కదా ఇదంతా.

జూలై 22, మంగళవారం

కూరగాయలకని వెళ్ళాను. మార్కెట్ మలుపులో గున్నమ్మ ఊడుస్తోంది. చూడనట్టు పోదామనుకున్నాను. ఆమె చీపురు గోడకు ఆనించి ఎదురుగా వచ్చింది.

"బాబూ, మా పిల్ల దొంగ కాదు."

"నాకు తెలుసు గున్నమ్మా. దాని కోసమే పదిరోజుల నుంచి తిరుగుతున్నాను."

"కొత్త బస్టాండు బంకోళ్ళు రమ్మన్నారు బాబూ. మల్లీ ఏటనుకున్నారో వొద్దన్నారు. మీ బంకుకి ఫోను సేసి అడిగేరట. ఎవులో ఎత్తి, మంచిదనీ సెప్పలేదు, సెడ్డదనీ సెప్పలేదట. ఏటీ సెప్పకపోతే ఏటనుకుంటారు బాబూ? ఇంట్లోంచి గుమ్మం దాటట్లేదది. వీధిలో పిల్లలు సైతం డీజిల్ దొంగంటన్నారు."

ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తు లేదు. వంకాయలు కొనకుండానే ఇంటికి వచ్చేశాను.

జూలై 23

గీతలు రాయలేదు.

జూలై 24

రాశాను. మానకూడదు. రేపు టెక్నీషియన్ వస్తాడు. పదిహేను రోజుల పట్టిక శుభ్రంగా తిరగరాసి, నాలుగు ప్రతులు తీశాను.

జూలై 25, శుక్రవారం

వచ్చాడు. పేరు బిశ్వజిత్, ముప్పై ఏళ్ళుంటాయి. బూట్ల నిండా బురద. కొరాపుట్ ఘాట్ రోడ్డు మీద రాళ్ళు పడి మూడు గంటలు ఆగిపోయాడట. అయినా వచ్చాడు. అలాంటి మనుషులంటే నాకు గౌరవం.

నా పట్టిక చూసి, "సార్, మా ఆఫీసులో కూడా ఇలా రాయరు" అన్నాడు. నేను మూడో పంపు దగ్గరికి తీసుకెళ్ళి సుద్ద గుర్తులు చూపించాను. ధనుంజయ్ బాబు కూడా వచ్చి నిలబడ్డాడు.

బిశ్వజిత్ హిందీలో ఓపిగ్గా చెప్పాడు. గీతలు ఉన్నాయా లేవా అన్నదొక్కటే చూస్తే చాలదట. టవర్ మాట మనకెంత గట్టిగా వినిపిస్తోందో అవి చెబుతాయి. మన మాట అవతలికి చేరుతోందో లేదో చెప్పవు. చిన్న మిషను, చిన్న గొంతు. లారీ అడ్డం ఉంటే వినడం ఒక కష్టం, వినిపించడం ఇంకో కష్టం. ఒక్కోసారి నాలుగు గీతలున్నా టవర్ మీద జనం ఎక్కువైతే దారి దొరకదట. సిమ్ము మార్చి వేరే కంపెనీది వేశాడు. కాబిన్ చూరుకి చిన్న వైఫై పెట్టె బిగించి మిషన్ని దానికి కలిపాడు. కంటెయినర్ లారీ నిలబడి ఉండగానే మూడో పంపు దగ్గర కార్డు పెట్టి చూపించాడు. అయిదు సెకన్లు పట్టలేదు.

నాకు పట్టరాని సంతోషం కలిగింది. "చూశారా, తప్పు టవర్‌ది" అన్నాను ధనుంజయ్ బాబుతో.

అప్పుడు బిశ్వజిత్ మిషన్ లోపల దాచుకున్న పాత వివరాలు తీశాడు. జూలై అయిదు, పదకొండు నలభై రెండు.

"మిషను తప్పు చెయ్యలేదు సార్. లైను అందలేదు, అందలేదని చెప్పింది. కనెక్షన్ లాస్ట్ అని ఎర్ర అక్షరాల్లో అర నిమిషం చూపించింది."

ధనుంజయ్ బాబు తల ఊపాడు. "ఇంగ్లీషు రాకపోయినా ఎరుపు తెలుస్తుంది కదా. చూసింది, చూసి కూడా పంపేసింది. ఇన్నాళ్ళూ పోనీలే అనుకున్నాను. సోమవారం పోలీసు ఠాణాలో ఫిర్యాదు కాగితం ఇస్తాను. రమణ బాబు, మీ పట్టిక ఒక ప్రతి ఇవ్వండి, లైను అందలేదని రుజువుగా జత చేస్తాను. చాలా బాగా రాశారు."

ఇచ్చాను. చేతిలో ఉంది కనుక ఇచ్చాను.

జూలై 26, శనివారం

బేబి రెండుసార్లు అడిగింది.

ఇది ఇప్పటిదాకా రాయలేదు. నా కోసం నేను రాసుకునే డైరీలో కూడా రాయలేదు. ఇంకెవరికి దాస్తున్నాను?

ఆ రోజు కాబిన్‌లో పేపరు చదువుతున్నాను. మిషన్ ఎత్తి చూపించింది. తల ఎత్తి చూసి, "కట్ అయింది" అని మళ్ళీ పేపర్లో పడ్డాను. ఆ పిల్లకి అనుమానం వచ్చింది. ఎర్రగా ఉంది కదా, అనుమానం వచ్చే ఉంటుంది. మళ్ళీ కిటికీకేసి తిరిగి, "కట్టయిపోయిందా బాబూ? పంపీమంటారేటి?" అని అడిగింది. పంపెయ్యమంటారా అని అంత స్పష్టంగా అడిగింది.

నేను పేపర్లోంచి తల ఎత్తలేదు. "అయిందన్నాను కదా, ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాను.

రెండో ప్రశ్న నా చెవిన పడింది. బుర్రకెక్కలేదు. విసుక్కోవడానికి మాత్రం తీరిక దొరికింది. అదీ జరిగింది. మూడో పంపు దగ్గర టవర్ ఉన్నా లేకపోయినా జరిగింది అదే.

ఎనిమిదో తారీఖున ధనుంజయ్ బాబు అడిగినప్పుడు చెప్పి ఉంటే రెండు నిమిషాల పని. లక్ష్మణ ఎదురుగా, ఆ పిల్ల ఎదురుగా, నేను తప్పు చదివి చెప్పానని అనడానికి నోరు రాలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గుని మోసుకుంటూ సుద్దముక్క పట్టుకుని పదిహేను రోజులు తిరిగాను. ఆ తిరుగుడు చివరికి ఆ పిల్లని ఠాణా దాకా తీసుకెళ్తోంది.

కమలాంబకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ చేట కింద పెట్టింది. "ముందు ఆ పిల్ల దగ్గరికి వెళ్ళండి" అంది.

జూలై 27, ఆదివారం

మునిసిపాలిటీ క్వార్టర్ల వెనక వీధి. ఇన్నేళ్ళలో ఆ వీధిలోకి వెళ్ళడం ఇదే మొదటిసారి. గున్నమ్మ ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది. కూర్చోలేదు. బేబి గుమ్మంలో నిలబడింది. చిక్కిపోయింది.

మొత్తం చెప్పాను. ఏమీ దాచలేదు.

నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

"నాను రెండోసారి అడిగేను కదా బాబూ" అంది మెల్లగా. "మీరు అయిందన్నారు. ఆ ముక్క ఆ దినాన్నే సెప్పీదాన్ని. కాని మీరు టవర్ సంగతి సెప్పేరు కదా ఆయనతోటి. మీరంతటోరు అలగ సెప్తే, నానే సరిగ్గా ఇన్లేదేమో అనుకున్నాను. ఈ ఇరవై దినాలూ నా సెవులే తప్పనుకున్నాను. రేతిరీ పగలూ అదే. మీరు అయిందన్నారా, అవలేదన్నారా? పిచ్చెక్కిపోయింది బాబూ."

గున్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ కళ్ళలో నీళ్ళు వచ్చాయి. క్షమించమని అడిగాను. నా వయసులో, ఆ గుమ్మం ముందు నిలబడి అడగగలనని ఎప్పుడూ అనుకోలేదు. అడిగాను.

"రేపు ఉదయం ధనుంజయ్ బాబు ఇంటికి వెళ్ళి చెప్పేస్తానమ్మీ. ఠాణాకి వెళ్ళకుండా ఆపుతాను."

బేబి తల అడ్డంగా ఊపింది.

"ఆయనింట్లో సెప్తే ఎవులింటారు? నన్ను దొంగన్నది బంకు కాడ. లచ్మన్న ఉన్నాడు, పంపులోళ్ళందరూ ఉన్నారు, డీజిలు కోసం ఆగిన లారీలోళ్ళు ఉన్నారు. ఆ కాడే సెప్పండి. రెండు గంటలకి డూటీ మారినప్పుడు అందరూ ఉంటారు. నాను వొచ్చి నిలబడతాను."

"ఠాణాకి ఉదయమే వెళ్తానన్నాడు."

"అది ఆపుకోండి మీరు. ఎలగాపుతారో నాకు తెల్దు."

తిరిగి వస్తుంటే దారంతా అదే ఆలోచన. ఏకాంతంగా చెప్పేసి, చేతులు కడుక్కుని, మళ్ళీ నా కుర్చీలో నేను కూర్చోవచ్చని వెళ్ళాను. ఆ పిల్ల నన్ను చదివేసింది. సరే. చెబుతాను.

జూలై 28, సోమవారం

ఉదయం ఏడుకే ధనుంజయ్ బాబుకి ఫోను చేసి, ఠాణాకి వెళ్ళేముందు మధ్యాహ్నం రెండుకి బంకు దగ్గర నా మాట వినాలన్నాను. "ఏం మాట?" అన్నాడు. అందరి ముందూ చెప్పాల్సిన మాట అన్నాను. నా గొంతులో ఏం విన్నాడో గాని సరేనన్నాడు.

కాగితం మీద రాసుకున్నాను. రెండున్నర పేజీలైంది. చదివి చూసుకుంటే అందులో వాన, చెమ్మ, టవర్, భాష అన్నీ ఉన్నాయి. చింపేశాను.

రెండు గంటలకి బేబి వచ్చింది. తల్లిని తీసుకురాలేదు. లక్ష్మణ, మిగతా ముగ్గురు, గాలి కొట్టే అతను, రెండు లారీల వాళ్ళు. మోటారు సైకిళ్ళ మీదవాళ్ళు కూడా కదల్లేదు. ఏదో ఉందని అందరికీ తెలిసిపోయింది. కాబిన్‌లోంచి బయటికి వచ్చి మూడో పంపు దగ్గర నిలబడ్డాను.

ముందు ఒరియాలో, తర్వాత తెలుగులో చెప్పాను.

"ఆ రోజు డబ్బు పడలేదని తెర మీద ఉంది. నేను కట్ అయిందన్నాను. పంపెయ్యమంటారా అని బేబి మళ్ళీ అడిగింది. నేను తల ఎత్తకుండా అయిందన్నాను. లారీని పంపింది నా మాట మీద. దొంగతనం లేదు. తప్పు నాది. అది తెలిసి కూడా ఇరవై రోజులు నోరు మూసుకున్నాను."

ధనుంజయ్ బాబు ముఖం ఎర్రబడింది. "అప్పుడే అడిగాను కదా, ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది" అన్నాను.

లక్ష్మణ నేలకేసి చూశాడు. లారీ డ్రైవరొకడు, "ముసలాయన ఎంత పని సేసేడు!" అన్నాడు పక్కవాడితో. నాకు వినబడాలనే అన్నాడు.

"ఆ డీజిలు సొమ్ము మీ జీతంలో పట్టుకుంటాను" అన్నాడు ధనుంజయ్ బాబు.

పట్టుకోమన్నాను. ఠాణాకి ఇవ్వాల్సిన కాగితాలు నా చేతికిచ్చి, బేబి వైపు తిరిగి, రేపటి నుంచి రమ్మన్నాడు. అంత తేలిగ్గా అన్నాడు. బేబి కదల్లేదు.

"కొత్త బస్టాండు బంకుకి ఫోను సేయించండి బాబూ. నాను దొంగని కాదని సెప్పించండి. అప్పుడు వొస్తాను."

"మా దగ్గరికే వస్తున్నప్పుడు వాళ్ళతో పనేముంది?"

"పనికి కాదు బాబూ. పేరుకి."

ధనుంజయ్ బాబు నాకేసి చూశాడు. నేను ఫోను తీశాను. అవతల ఎత్తినాయనకు, ఆ రోజు మీరు ఫోను చేసినప్పుడు ఎత్తింది నేనేనని, బేబిని గురించి చెప్పాల్సిన మాట మింగేశానని, అందరికీ వినబడేలా చెప్పాను. మధ్యలో ఒకసారి ఆయన వినపడలేదన్నాడు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.

జూలై 29, మంగళవారం

బేబి పనికి వచ్చింది. మూడో పంపు దగ్గరే నిలబడింది. మిషన్ ఎత్తి చూపించినప్పుడల్లా నేను కాబిన్ దిగి దగ్గరికి వెళ్ళి, తెర మొత్తం చదివి, డబ్బు వచ్చిందనో రాలేదనో చెప్పాను. పదకొండుసార్లు దిగాను. విని తల ఊపింది గాని, రోజంతా నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ పిల్ల నాతో మాట్లాడేదాకా నేనూ పని మానను.